కప్పవద్దని రాసిన కుప్ప

ఎండుమిరపకాయల సంచి మూతి విప్పగానే వచ్చే ఘాటు మూడు దశల్లో పనిచేస్తుంది. ముందు కళ్ళ మూలల్లో చురుక్కుమంటుంది. తరువాత గొంతులో సన్నటి దురద. ఆ తరువాత తుమ్ము. విశాఖపట్నంలో నేను పనిచేసే మసాలా దినుసుల పరీక్షా కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళు ఈ మూడో దశలో సిగ్గుపడి సారీ చెబుతుంటారు. నిన్న గుంటూరు నుంచి వచ్చిన సంచి విప్పి నేను వరసగా తుమ్ముతుంటే కాలేజీలో నాకు పాఠం చెప్పిన మస్తాన్ సార్ గుర్తుకొచ్చారు. తుమ్మితే మొదలుపెట్టబోయే పని కాసేపు ఆపాలని మా వైపు నమ్మకం. సార్ ల్యాబ్‌లో దాన్ని పాటిస్తే ఏ ప్రయోగమూ మొదలయ్యేది కాదు. "ఇక్కడ తుమ్ము శుభమయ్యా. సరుకు అసలైందని అర్థం" అనేవారాయన.

గుర్తుకు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. బీటెక్ చదివే పిల్లల చేత పరిశోధన చేయించిన అధ్యాపకులను ఈ ఏడాది మా విశ్వవిద్యాలయం సత్కరిస్తోంది. ఆ వరసలో సార్ పేరు ఉందని నా క్లాస్‌మేట్ అంజిబాబు ఫోన్ చేశాడు. "పాత విద్యార్థులెవరన్నా నాలుగు ముక్కలు రాయాలంటరా. నీకు ఒకటీ రెండూ మూడూ అని రాయటం ఇష్టం గదా, నువ్వే రాయి" అన్నాడు. కూర్చుని సార్ సాధించినవన్నీ వరసగా రాశాను. అచ్చయిన వ్యాసాలు, చెప్పిన పాఠాలు, వెళ్ళిన సదస్సులు. చదువుకుంటే అన్నీ నిజాలే, ఆయన మాత్రం అందులో ఎక్కడా లేరు. అందుకని మిరపకాయల కుప్ప సంగతి రాస్తున్నాను.

మా కాలేజీ గుంటూరుకు బయట, ఒకపక్క మిరప చేలు, ఇంకోపక్క పత్తి చేలు ఉన్న చోట ఉండేది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అంటే అక్కడ ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఊళ్ళో ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు ఉంటాయి. వెళ్ళి, పేరు చెప్పి, అట్ట రంగు ఎంచుకుని, పుస్తకం తెచ్చుకోవడమే. పరిశోధన ఎంత త్వరగా పూర్తవుతుందన్నది బైండింగ్ ఆరడాన్ని బట్టి ఉండేది. ఫుడ్ టెక్నాలజీ చెప్పే మస్తాన్ సార్ ఒక్కరే దీనికి ఒప్పుకునేవారు కాదు. తన దగ్గరికి వచ్చినవాళ్ళు సొంతంగా ఏదో ఒకటి కొలిచి తీరాలి. అంతకు ముందు ఏడాది ఆయన విద్యార్థులు కొలిచిందేదీ తేలక సగం పుస్తకమే ఇచ్చారు. దాంతో మా విభాగాధిపతి సుబ్బారావు గారు తేల్చి చెప్పారు. "మస్తాన్ గారూ, ఈ ఒక్క ఏడాదీ చూస్తా. వీళ్ళదీ తేలకపోతే వచ్చే ఏటి నుంచి మీ పిల్లలూ అందరి పిల్లల మాదిరే చేస్తారు." ఆ 'వీళ్ళు' నేనూ, అంజిబాబూ. అంటే సార్ దగ్గర ఇక ఎవరైనా సొంతంగా పని చేసుకోగలరా లేదా అన్నది మా ఇద్దరి మీద పడింది.

మేము ఎంచుకున్న ప్రశ్న సులువైనది. కోసి ఆరబెట్టిన కాయ వానకు తడిస్తే ఎన్నాళ్ళకు బూజు పడుతుంది? కాలేజీ డాబా మీద మూడు కుప్పలు పోశాం. ఒకటి రేకుల కింద పొడిగా. రెండోది ఆరుబయట, మంచుకు. మూడోది మేమే నీళ్ళు చల్లి తడిపి ఎండకు వదిలేసింది. నేను ముందే ఆలోచించి పెట్టుకున్న ఇబ్బందులు కోతులు, గాలి, కరెంటు. ఆలోచించనిది ఒకటే. గుంటూరు చుట్టుపక్కల పుట్టిన మనిషి తడిసిన మిరపకాయను చూసి చూడనట్టు వెళ్ళలేడు.

మర్నాటికే మూడో కుప్ప మీద నీలం పట్టా కప్పి ఉంది. తీసేశాం. సాయంత్రానికి మళ్ళీ కప్పి ఉంది. ల్యాబ్ అటెండర్ కోటేశ్వరమ్మ గారు ఏమాత్రం దాచుకోలేదు. "నేనే కప్పా. కాయ తడిసిపోతా ఉంటే మీకు కళ్ళు కనపడవా నాయనా?" అంది. ప్రయోగం కోసం మేమే తడుపుతున్నామని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందకు చూసి, "ఇంట్లో చెప్పే చేస్తన్నారా ఈ పని?" అని అడిగింది.

'ఇవి కావాలని తడిపినవి. దయచేసి కప్పవద్దు' అని బోర్డు రాసి పెట్టాను. అంతకుముందు మెట్ల గదిలోంచి చూసినవాళ్ళే కప్పేవారు. బోర్డు పెట్టాక అదేమిటో చదవడానికని మేడెక్కి మరీ కప్పడం మొదలుపెట్టారు. లైబ్రేరియన్ కప్పాడు. బస్సు డ్రైవర్ కప్పాడు. ఒక విద్యార్థి తండ్రి ఫీజు కట్టడానికి వచ్చి, కప్పి, మమ్మల్ని నిలబెట్టి తిట్టి వెళ్ళాడు.

నేను లెక్కలు పట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళాను. నాతో వచ్చిన అంజిబాబు అప్పటికే తన సొంతూరు మార్టూరు తెలివి చూపించేశాడు. వాళ్ళ నాన్న అక్కడ గ్రానైట్ పాలిష్ పట్టే పనిలో ఉండేవాడు. "సార్, గ్రాఫు కాస్త పాలిష్ పడితే సరిపోద్ది. ఎగుడుదిగుళ్ళు ఉండవు" అన్నాడు.

సార్ కోప్పడలేదు. "పాలిష్ పడితే రాయి మెరుస్తదయ్యా. బూజు మెరవదు" అని, నా వైపు తిరిగి, "నీ బాధేంది?" అన్నారు.

"మూడో కుప్ప పాడైపోయింది సార్. జనం కప్పేస్తున్నారు."

"కప్పిన కాయ ఎట్టా ఉంది?"

పట్టా తీసి పక్కన పడేయడం తప్ప కింద ఏముందో నేను చూడలేదు.

"ఊరంతా ఒకటే పని చేస్తంటే, ఆ పని మంచిదో చెడ్డదో కనుక్కోవచ్చు గదా. నీకు జీతం లేని పనివాళ్ళు ఇంతమంది దొరికారు" అన్నారు సార్.

తడిసిన కుప్పను రెండు చేశాం. ఒక సగం బోర్డు దగ్గరే ఉంచి, కప్పదలచిన వాళ్ళందరికీ వదిలేశాం. రెండో సగం ఎవరి దయా తగలని చోట పరవాలి. అలాంటి చోటు కాలేజీలో ఒక్కటే ఉంది, మెట్ల గది పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు పక్కన. అంజిబాబు సంచి భుజాన వేసుకుని ఇనప నిచ్చెన ఎక్కుతూ, "కాయల్ని దొంగల నుంచి దాస్తారని విన్నాగానీ మంచోళ్ళ నుంచి దాస్తారని వినలేదురా" అన్నాడు. రెండింటికీ ఒకేసారి, ఒకే కొలతతో నీళ్ళు చల్లాం.

సోమవారం మా సమీక్ష. అంతకు ముందు శుక్రవారం మబ్బు పట్టింది. సుబ్బారావు గారు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని డాబా ఎక్కారు.

"ఇది తడిసింది గదయ్యా."

"మేమే తడిపామండీ."

"మబ్బేసింది, చూశారా?"

"చూశామండీ."

"చూసి కూడా నిలబడ్డారా?"

ఆయన ప్యాంటు మడిచి, పట్టా తానే లాక్కొచ్చి కప్పి, నాలుగు పక్కలా ఇటుకలు పేర్చారు. "అద్దంకిలో మా అన్నయ్య మొన్న వాన పడ్డాక ఇట్టాగే కప్పి కాపాడుకున్నాడు. సోమవారం దాకా దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారో ఊరుకోను" అని చేతులు దులుపుకుని దిగిపోయారు. మబ్బు కురవకుండానే వెళ్ళిపోయింది.

నేను సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన ప్రశాంతంగా విని, "ఇటుకలు పెట్టాలని మనకు తట్టలేదు చూశావా" అన్నారు.

సోమవారం సుబ్బారావు గారు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, సార్, మేమిద్దరం డాబా మీద నిలబడ్డాం. అంజిబాబు ఇటుకలు తీసి పట్టా ఎత్తాడు. లోపలి నుంచి ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు వేడి గాలి వచ్చింది. వెనకే ముక్కిన వాసన. కాయల మీద బూడిద రంగు నూగు దట్టంగా పట్టి ఉంది. సుబ్బారావు గారు కుప్పలో చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. నేను నిచ్చెనెక్కి ట్యాంకు పక్కనున్న కాయలు తెచ్చాను. రంగు కొంచెం వెలిసి తాలుకాయల్లా ఉన్నాయి, కానీ ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. బూజు ఎక్కడో ఒకటీ అరా కాయకు తప్ప లేదు.

'కప్పింది మీరే' అన్న ఒక్క మాటతో గెలవగలిగిన సమయం అది. సార్ ఆ మాట అనలేదు. నన్ను ముందుకు నెట్టి, "చెప్పయ్యా, ప్రాజెక్టు నీది" అన్నారు.

నేను చెప్పాను. తడవక ముందు కప్పితే కాయకు మేలు. తడిసిన తరువాత కప్పి వదిలేస్తే తడి బయటికి పోయే దారి లేక, ఆ వేడికి బూజు కమ్ముకుంటుంది. పరిచి గాలి తగలనివ్వాలి. పరీక్షకుడు తల ఊపుతున్నాడు. సుబ్బారావు గారు మాత్రం నా మాట పూర్తికాకముందే పిట్టగోడ దగ్గరికి వెళ్ళి ఫోన్ చేస్తున్నారు.

"అన్నయ్యా, ఆ పట్టా తీసేయించు... ఇప్పుడే. తీసి కల్లమంతా పలచగా పరిపించు... ఎందుకంటే ఏంది, ఉడికిపోతంది కాయ... ఎవరు చెప్పారా? మా పిల్లలు."

ఆయన తిరిగొచ్చి ఇటుకల వైపు చూసి, "రిపోర్టులో నా పేరు రాస్తారా?" అని అడిగారు.

"'స్థానికులు కప్పారు' అని రాస్తాం సార్" అన్నారు మస్తాన్ సార్.

సుబ్బారావు గారు నవ్వలేదుగానీ మెట్లు దిగుతూ ఆగి, "వచ్చే ఏడాది ఎంతమందిని తీసుకుంటారు?" అన్నారు.

ఈ వ్యాసం రాసే ముందు సార్‌కు ఫోన్ చేశాను. సత్కారం గురించి చెబితే మొహమాటపడి మాట మార్చారు. ఇప్పుడు ఆయన దగ్గర ఉన్న ఆడపిల్లలిద్దరు పత్తి తేమ కొలుస్తున్నారట. వాళ్ళ కొలతలు తెల్లారేసరికి మారిపోతున్నాయట. "ఎందుకు సార్?" అన్నాను. "నాకు తెలుసు. వాళ్ళకి ఇంకా తెలియదు. ఈ వారంలో తెలుస్తదిలే" అన్నారు. ఆ గొంతులో ఉన్న సంతోషం ఏ శాలువాతోనూ రాదు.

మొన్న మా కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, లెక్క తేలక కళ్ళలో నీళ్ళు పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. తప్పు మూడో వరుసలో నాకు కనబడుతూనే ఉంది. కలం తీయబోయి ఆగి, కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చుని, "ఏం చేశావో మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాను.

ఆమె సగం చెప్పి, నా ముఖం చూసి, "మీకు తెలిసిపోయింది గదా సార్. చెప్పేస్తే అయిపోద్ది" అంది.

"అయిపోతుంది. అందుకే చెప్పటం లేదు" అన్నాను. ఆమె నన్ను ఆనాడు కోటేశ్వరమ్మ గారు చూసినట్టే పైనుంచి కిందకు చూసి, మళ్ళీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది.