ఊరికి వదిలిన కోడె

మొన్న మచిలీపట్నం నుంచి గుడివాడ వెళ్తుంటే దారిలో మా బస్సు ఆగిపోయింది. తెల్లటి ఆంబోతు ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి, డ్రైవరు ఎంత హారన్ కొట్టినా చెవి కూడా కదపలేదు. పక్క సీట్లో అమ్మాయి సెల్‌ఫోన్ లోంచి తలెత్తి, "అచ్చోసిన ఆంబోతంటే ఇదేనేమోనండీ" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట ఇప్పుడు తిట్టయింది గానీ, నా తొమ్మిదో ఏట మా ఇంట్లో తల్లీకొడుకులు రెండు రోజులు మాట్లాడుకోకపోవడానికి ఆ అచ్చే కారణం.

మాది దివిసీమలో, పులిగడ్డ రేవుకు దగ్గర్లో ఒక పల్లె. మా ముత్తాత ఒంగోలు వైపు వెళ్ళి ఒక చూడి ఆవును కొని, రోజుల తరబడి నడిపించుకొచ్చాడట. అది దారిలోనే ఈనింది. తీరా కృష్ణకు అవతలి ఒడ్డున పెనుమూడి రేవుకొచ్చాక పడవ ఎక్కనని మొరాయించింది. ఎంతమంది నెట్టినా లాభం లేక, ముత్తాత పెయ్యదూడను ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నాడట. ఆవు ఒక్క క్షణం చూసి తనే దూకి ఎక్కిందట. మా కొట్టంలోని పశువులన్నీ ఆ ఆవు సంతతే. తాతయ్య వాటిలో దేన్ని చూపించినా, దాని తల్లి, అమ్మమ్మ, ముత్తమ్మమ్మ అంటూ కృష్ణ దాటిన ఆవు దాకా తడుముకోకుండా చెప్పుకుపోయేవాడు. సొంత వియ్యంకుడి పేరు మాత్రం ఎప్పుడూ నాయనమ్మే అందించాల్సి వచ్చేది. మూపురం నిటారుగా ఉందా, గంగడోలు మడతలు మడతలుగా జారిందా, కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపుందా అని దూడల్ని చూసినంత శ్రద్ధగా ఆయన మనవల్ని చూడలేదని అమ్మకు చిన్న బాధ ఉండేది.

కోతలై, చేలల్లో పశువుల మేతకు చల్లిన పిల్లిపెసర మోకాలెత్తు పచ్చగా ఉన్న రోజుల్లో తాతయ్య పోయాడు. ఆ రోజుల్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ పేరున ఒక కోడెకు తొడ మీద కాల్చిన ఇనుముతో అచ్చు వేసి ఊరికి వదిలేవారు. ఆ తర్వాత అది ఎవరి చేలో మేసినా అదిలించరు. ఊళ్ళో ఆవులన్నీ దానికే చూలు కట్టేవి. మా కొట్టంలో అప్పుడు రెండు కోడెలున్నాయి. ఒకటి మామూలుది, నడుం కాస్త వాలు. రెండోది నాన్న పెంచింది. వారం దూడగా ఉండగానే తల్లి పోతే, పాలలో ముంచిన వేళ్ళు చీకించి బతికించాడు. నాన్న దగ్గితే చాలు, కొట్టంలోంచి బదులు పలికేది. తాతయ్యే ముచ్చటపడి, మన మందకు ఇక ఇదేరా అని నాన్నతో అన్నాడు కూడా.

వాలు నడుం కోడెను వదులుదామన్నాడు నాన్న. నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆ రెండు రోజులూ ఇద్దరి మధ్యా కబుర్లు నేనే మోశాను. పదో రోజు పొద్దున నాన్న కుడితి కలుపుతుంటే నాయనమ్మ కొట్టంలోకి వచ్చి నిలబడింది.

"ఊరికి తక్కువది ఇచ్చి మనం మంచిది దాచుకుంటే, పదేళ్ళకి ఊళ్ళో దూడలన్నీ తక్కువవే పుడతాయిరా" అంది నెమ్మదిగా. "మీ నాన్న పేరు చెప్పి తిరగాల్సింది అది. నువ్వే ఆలోచించుకో."

మర్నాడు నాన్నే తను పెంచిన కోడెను కాలవలో కడిగి, కొమ్ములకు నూనె రాసి తెచ్చాడు. అచ్చు వేస్తున్నప్పుడు దాని తల గుండెకు హత్తుకుని పట్టుకున్నాడు. తాతయ్య పోయినప్పుడు కంటతడి పెట్టని మనిషి, ఆ మెడలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు కోడె కోసమా, తాతయ్య కోసమా అని చాలా ఏళ్ళు అనుకున్నాను. రెండూ ఒకటేనని ఇప్పుడు తోస్తుంది.

కష్టం అంతటితో తీరలేదు. సాయంత్రమయ్యేసరికి కోడె మా గుమ్మంలో ఉండేది. ఇక్కడ తిండి మరిగితే ఊరి వంక చూడదని నాయనమ్మ కుడితి పెట్టనిచ్చేది కాదు. నాన్న కర్ర పట్టుకుని దాన్ని వీధి చివరిదాకా తోలేవాడు, కర్ర ఎత్తేవాడు గానీ ఒక్కసారీ వెయ్యలేదు. నెల గడిచాక అది రావడం మానేసింది. నాన్న మాత్రం పొద్దు వాలగానే వీధరుగు మీదికొచ్చి కూర్చునేవాడు.

రెండేళ్ళ తర్వాత పక్క ఊరి రైతొకాయన పనిగట్టుకుని వచ్చి, "మా ఆవు ఈనిందండీ, మీరొకసారి వచ్చి చూడాలి" అని నాన్నను పిలుచుకెళ్ళాడు. నేనూ వెంటబడ్డాను. పుట్టి మూడు రోజులైన ఎర్రటి దూడ, కళ్ళ చుట్టూ కాటుక. నాన్న వంగి వేలు అందిస్తే చప్పున చీకింది. ఇంటికొచ్చాక నాన్న నాయనమ్మ పక్కన కూర్చుని, "అచ్చం అదేనమ్మా" అన్నాడు. ఆమె నాన్న తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

మా ఇంట్లో పెద్దవాళ్ళు కాలాన్ని ఆవుల ఈతలతో లెక్కపెట్టేవారు. పెళ్ళిళ్ళూ, గాలివానలూ, పురుళ్ళూ అన్నీ ఫలానా ఆవు ఫలానా ఈతనాడు జరిగినవే. నేను ఏ ఆవు ఎన్నో ఈతనాడు పుట్టానో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నాకు మిగిలింది సర్టిఫికెట్ మీద ఒక తేదీ.