నిండు కొలత బ్రేకు నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తిట్టు 'తక్కువ కొలిచినోడు'. వరంగల్ బజారులో మా తాతయ్యకు బండ్ల నూనెల దుకాణం ఉండేది. ఇంజన్ ఆయిలు, గేరు ఆయిలు, జాకీల్లో పోసే హైడ్రాలిక్ ఆయిలు, బ్రేకు ఆయిలు, అన్నీ పెద్ద డబ్బాల్లోంచి కొలిచి, కొనేవాళ్ళు తెచ్చుకున్న సీసాల్లో పోసేవాడు. కొలపాత్ర అంచుదాకా నిండాలి, ఆ పైన కొసరు పడాలి. కొలత తగ్గిస్తే పైలోకంలో జవాబు చెప్పుకోవాలని ఆయన గట్టి నమ్మకం. నీ కొసర్ల పుణ్యమే మనం ఇంకా పెంకుటింట్లో ఉన్నామని మా నానమ్మ సాధిస్తే, నవ్వి ఊరుకునేవాడు.

మా దుకాణానికి వచ్చేవాళ్ళలో ఒక వ్యాను డ్రైవరు ఉండేవాడు. పిల్లలమంతా ఆయన్ని వ్యానన్న అనేవాళ్ళం. మా ఊరి కాశిబుగ్గలో నేసిన తివాచీలను హనుమకొండ దుకాణాలకు చేరవేయడం ఆయన పని. ఆయన సొంత తమ్ముడే ఆ వ్యానుకు క్లీనరు. ఇంకా మీసం సరిగ్గా మొలవని పిల్లవాడు, నన్ను ఎత్తి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి హారన్ కొట్టనిచ్చేవాడు. బజారులో నాకు అంతటి మర్యాద ఇంకెవరూ చేయలేదు.

ఒక వానాకాలం పొద్దున వ్యానన్న బ్రేకు ఆయిలు కోసం వచ్చాడు. నేను గోనె సంచుల మీద కూర్చుని చూస్తున్నాను. తాతయ్య డబ్బా వంచాడు. కొలపాత్ర నిండకముందే డబ్బా ఖాళీ అయిపోయింది. ఇంతే ఉంది, మిగతాది రేపు తీసుకుపో అని చెబితే సరిపోయేది. కానీ జన్మలో తక్కువ కొలవని చెయ్యి అది. పక్కనే జాకీల్లో పోసే హైడ్రాలిక్ ఆయిలు ఉంది, బ్రేకు ఆయిలు కన్నా అది ఖరీదు. ఆ నూనెతో కొలత నింపాడు. అలవాటు చొప్పున కొసరు కూడా పోశాడు. నూనెలో నూనె కలిస్తే ఏమవుతుందిలే, పైగా మంచి నూనె, అనుకున్నాడు. సీసా ముదురు రంగుది కాబట్టి లోపల రెండూ కలవకుండా విడివిడిగా తేలిన సంగతి ఎవరి కంటా పడలేదు. వ్యానన్న సంతోషంగా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు రైలు వంతెన దిగే వాలులో వ్యానుకు బ్రేకు పడలేదు. గోడకు గుద్దుకుంది. వ్యానన్న కాలు విరిగి బతికాడు. తమ్ముడు అక్కడికక్కడే పోయాడు.

ఆ మధ్యాహ్నం వ్యానన్న కాస్త కల్లు తాగిన మాట నిజం. ఇక లోకం నోటికి మూకుడు ఉంటుందా? తాగి తమ్ముణ్ణి చంపుకున్నాడని బజారంతా అన్నది. చివరికి ఆయనే ఆ మాట నమ్మాడు. బ్రేకు మీద కాలు పడిందో లేదో, మత్తులో పక్కన ఎక్కడైనా తొక్కానో అని కనిపించిన ప్రతివాణ్ణీ అడిగేవాడట. అన్నిటికన్నా ఘోరం, కన్నతల్లి ఆయనతో మాట మానేసింది. ఆయన ముందు అన్నం పళ్ళెం పెట్టి అటు తిరిగి కూర్చునేదట. ఆయనేమో ఆ పళ్ళెం ముట్టేవాడు కాదట. ఈ మాటలన్నీ మా దుకాణం అరుగు మీద విన్నవే. వింటూ తాతయ్య కూడా పాపం, పాపం అన్నాడు.

వ్యానును విప్పిన మేస్త్రీ ఒకరోజు నూనె కోసం వచ్చి, బ్రేకు లోపలి రబ్బరు వాషర్లు నానిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయని, అలా ఎందుకయిందో తెలియదని మాటల్లో అన్నాడు. కొలుస్తున్న తాతయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు దుకాణం మధ్యాహ్నమే కట్టేసి ఇంటికి వచ్చాడు.

రెండు గాజు గ్లాసులు తీసుకున్నాడు. ఒకదాంట్లో ఒట్టి బ్రేకు ఆయిలు పోశాడు. రెండోదాంట్లో బ్రేకు ఆయిలులో కాస్త హైడ్రాలిక్ ఆయిలు కలిపాడు. ఒక్కో గ్లాసులో ఒక్కో కొత్త వాషరు వేసి కిటికీలో పెట్టాడు. రోజూ పొద్దున నన్ను పిలిచి ఎలా ఉన్నాయో చూసి చెప్పమనేవాడు. నువ్వే చూడొచ్చు కదా తాతయ్యా అంటే, "నా కండ్లు నాకు కావాల్సిందే జూస్తయి బిడ్డ" అన్నాడు. అదేదో ఆట అనుకుని నేను ఉత్సాహంగా చూసేదాన్ని. మొదట్లో తేడా తెలియలేదు. తరువాత తరువాత ఒక వాషరు ఉన్నది ఉన్నట్టే ఉంది, రెండోది లావెక్కి మెత్తబడింది. మొదటిది నానమ్మ కుంకుమ భరిణె మూతలో సరిగ్గా కూర్చుంది. రెండోదాన్ని ఎంత నొక్కినా పట్టలేదు. గెలిచినట్టు చప్పట్లు కొట్టాను. తాతయ్య గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మా బాబాయి చాలా చెప్పి చూశాడు. పోయినవాడు ఎలాగూ రాడు, దుకాణం మాత్రం మూతపడుతుంది అన్నాడు. "ఊరంత తాగిండనే అంటాంది. నిన్నెవరడిగిండ్రు నాయినా?" అన్నాడు.

"ఎవరడుగలే. గందుకే పోవాలె," అన్నాడు తాతయ్య.

నానమ్మ అడ్డు చెప్పలేదు కానీ నన్ను వెంట తీసుకుపొమ్మంది, పిల్ల ఉంటే ఎవరూ చెయ్యి చేసుకోరని. తాతయ్యకు ఆ సంగతి అర్థమయింది. సరేనన్నాడు. కానీ వాళ్ళ గల్లీ మలుపు తిరగగానే నన్ను తన వెనక నడవమన్నాడు.

వ్యానన్న నులక మంచం మీద ఉన్నాడు. ఎముకల గూడులా అయిపోయాడు. తల్లి గోడవైపు కూర్చుని బియ్యం ఏరుతోంది. తాతయ్య కూర్చోలేదు. గుడ్డలో కట్టుకొచ్చిన రెండు వాషర్లూ వ్యానన్న చేతిలో పెట్టి, ఆ రోజు సీసాలో తాను ఏం పోశాడో దాచకుండా చెప్పాడు. "నువ్వు బ్రేకు తొక్కినవ్ బిడ్డ. నీ కాలు తప్పు జెయ్యలే. నేను పోసిన నూనె జేసింది. దానికే వాషర్లు ఉబ్బి బ్రేకు పట్టలే," అన్నాడు.

వ్యానన్న ఆ వాషర్లను తిప్పి తిప్పి చూశాడు. "తొక్కిన్నా నేను? తొక్కిన్ననే గద సేటూ?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. అడిగిన ప్రతిసారీ తాతయ్య తొక్కినవ్ అని చెప్పాడు. అప్పుడు వ్యానన్న తల్లి వైపు తిరిగి, "అవ్వా, నేను తొక్కిన్నే" అని చిన్నపిల్లవాడిలా బోరుమన్నాడు.

ఆమె చాట పక్కన పెట్టి లేచింది. కొడుకు తలను కడుపుకు అదుముకుంది. లోపలికి పోయి పళ్ళెంలో అన్నం కలుపుకొచ్చి, మంచం మీద కూర్చుని తన చేత్తో ముద్దలు పెట్టింది. ఆయన తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక మా తాతయ్య వైపు చూసింది. "ఒచ్చి చెప్పినవ్, నువ్వు మంచోనివే సేటూ. కని మల్ల మా గుమ్మం తొక్కకు."

తాతయ్య ఆమెకు దండం పెట్టి బయటికి వచ్చాడు.

నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది. నేను విన్న కథల్లో నిజం చెప్పినవాళ్ళకు పూలదండలు పడేవి. దారిలో ఆ మాటే అన్నాను. తాతయ్య నా చెయ్యి పట్టుకుని, మాఫీ కోసం వెళ్ళలేదని, వ్యానన్న నెత్తి మీది బరువు దించడానికే వెళ్ళానని చెప్పాడు. అది దిగింది కదా, చాలన్నాడు.

మర్నాటి నుంచి దుకాణానికి ఎవరు వచ్చినా ముందు ఈ సంగతి చెప్పేవాడు. ఏ బండి, నూనె దేంట్లో పోస్తావు, ఇంతకుముందు ఏం పోశావు అని అడిగిగానీ డబ్బా ముట్టేవాడు కాదు. అయిపోతే లేదని పంపేసేవాడు. సేటుకు చాదస్తం పట్టిందని కొందరు వేరే దుకాణాలకు మళ్ళారు. ఆయనకు ఆ చింత లేదు. కొసరు పోయడం మాత్రం పూర్తిగా మానేశాడు.

ఆ తల్లి మాట మీద నిలబడింది. తాతయ్య పోయినప్పుడు బజారంతా కదిలి వచ్చింది, ఆమె రాలేదు. నాకూ పిల్లలు పుట్టాక ఆమె మీద కోపం పోయింది. ఆమె స్థానంలో ఉంటే నేను ఆ 'మంచోనివే' అన్న మాట కూడా అనగలిగేదాన్ని కాదు.

ఇన్నేళ్ళలో నా తప్పులు చెప్పుకోవడానికి నేనూ కొన్ని గుమ్మాల ముందు నిలబడ్డాను. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు తలుపు వేసేశారు. వేసేస్తారని ముందే తెలిసిన చోటికి కూడా వెళ్ళాను. ఆ ఇంట్లో ఎవరో ఒకరు, తమది కాని తప్పు మోస్తూ, అన్నం ముట్టకుండా కూర్చుని ఉంటారేమోనని.