విద్యార్థిని ఎక్కడ ఉంటుంది?

నాలుగేళ్ల కింద రాసిన ఒక ఆకాశరామన్న ఉత్తరాన్ని ఇప్పటికీ మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను.

కరోనా తగ్గాక దుబాయ్ జెబెల్ అలీలోని మా గోదాము కంపెనీ పనివాళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్ పెట్టింది. మస్తాన్ కూతురికి పూర్తిది వచ్చింది: ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు. మా అమ్మాయికి ఫీజు మాత్రమే. మార్కులు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. కరామాలో మాది ఒకే గది, పై మంచం అతనిది, కింద మంచం నాది. మేమంతా ముదీర్ అని పిలిచే మేనేజరు గదిలోకి మస్తాన్ చాయ్ తీసుకుపోవడం నేను చూశాను. ఎందుకు తీసుకుపోయాడు? ఇద్దరూ ఏం మాట్లాడుకుని నవ్వారు? ఓవర్‌టైమ్ జాబితాలో నా పేరు కొట్టేసిన రోజు కూడా ఆ ముదీర్ అలాగే నవ్వాడు. నేను అలాంటివి మరిచిపోను.

ఫిర్యాదుల పెట్టెలో పేరు లేని కాగితం వేశాను. మస్తాన్ కూతురు హాస్టల్లో ఉండదు, కాలేజీ ఉన్న తిరుపతిలోనే పిన్నమ్మ ఇంట్లో ఉంటుంది అని రాశాను. పిన్నమ్మ ఉన్న మాట అన్నం తింటూ అతనే చెప్పాడు. మిగతాది నా కల్పన.

నెల తిరక్కుండా ఆ పిల్లకూ ఫీజు ఒక్కటే మిగిలింది. మస్తాన్ మంచం దిగి నా పక్కన కూర్చున్నాడు.

"ఎవడో రాసినాడంటన్నా. వాళ్ల పిన్నమ్మది ఒగటే రూము, ఐదుమంది ఉండారు. ఎంత చెప్పినా ఆఫీసోళ్లు ఇనడంల్యా."

"ఈడ ఎవల్ని నమ్మద్దు భాయ్," అన్నాను.

"నువ్వొక్కడివి ఉండావు గదన్నా."

ఆ అమ్మాయి ఊరి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చింది. రెండో ఏడు చదువు మానేసింది.

ఆ తర్వాతే మా దరఖాస్తు కాపీ నా కంటబడింది. నింపిపెడతానని మస్తాన్ అడిగితే, అందులో ఏం మారుస్తాడోనన్న అనుమానంతో ఇవ్వకుండా నేనే నింపిన కాగితం అది. దుబాయ్ వచ్చినప్పటి నుంచి ఏ ఫారంలో అడ్రసు అడిగినా వరంగల్‌లోని మా బావమరిది ఇల్లే రాయడం నాకు అలవాటు. 'విద్యార్థిని ఎక్కడ ఉంటుంది?' అన్న గడిలోనూ అదే రాశాను. కాలేజీ ఉన్నది వరంగల్‌లోనే. ఉండటానికి ఇల్లుందని చెప్పినవాళ్లకు హాస్టల్ ఎందుకిస్తారు?

మస్తాన్ ఇప్పుడు షార్జాలోని సజ్జాలో పని చేస్తున్నాడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి మా అమ్మాయి చదువు గురించి అడుగుతాడు. ఎందుకు అడుగుతాడు? తెలిసే అడుగుతున్నాడా? అతని గొంతులో ఏదైనా దొరుకుతుందేమోనని ప్రతిసారీ వెతుకుతాను. ఏమీ దొరకదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ ఉత్తరం కింద పేరు పెట్టలేదు. దీని కిందా పెట్టడం లేదు. కానీ రాసింది నేనే. ఈ మాటను కాగితం మీద చూసుకోవడం ఇదే మొదటిసారి. కొంచెం ఊపిరి ఆడుతోంది.