నువ్వుల ఉండలు

సాయుధ పోరాటం నాటి మాట. మాది కొడకండ్ల దగ్గర పల్లె. ముట్టు ఆగిపోయే వయసులో నా భార్య మల్లమ్మకు రక్తం పోవడం ఎక్కువైంది. గర్భసంచిలో గడ్డ ఉందని, కోసి తీయాలని జనగామ దవాఖానలో చెప్పారు. దారి పొడవునా పోలీసు క్యాంపులున్నాయన్న భయంతో నేను వాయిదా వేసి, బలానికని డబ్బా నిండా నువ్వుల ఉండలు చేయించాను.

“నువ్వులు ముట్టు రానోళ్లకు పెడ్తరయ్యా. నాకు ఆగుతనే లేదాయె,” అంది మల్లమ్మ.

“నీకేం తెల్వది, తిను,” అన్నాను. ఆమె వాటిని తాకలేదు.

ఒక పొద్దున సోదాకు వచ్చిన పోలీసులు ఆ డబ్బా మూత తీశారు.

“గిన్ని ఎవరికిరా? అడవిల ఉన్న సంఘపోళ్లకా?”

“నా పెండ్లానికి దొరా, బలానికి.”

“గట్లయితే మా ముంగట తిననియ్యి.”

తనకు పడవని చెబితే నన్ను పట్టుకుపోతారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, వాళ్లు చాలనేదాకా తింది. 

రక్తం ఆగక, ఆ వారం దాటకుండానే ప్రాణం పోయింది. నువ్వుల వల్లో, గడ్డ వల్లో నాకు తెలియదు. తన ఒంటి సంగతి తను చెబితే నేను వినలేదు. నన్ను కాపాడటానికి ఆ మాటను ఆమే మింగేసింది.