గంగులప్ప చెరువులో దెయ్యం చేప

నా ఆఖరి పోస్టింగు పుంగనూరు. మత్స్యశాఖలో అభివృద్ధి అధికారిగా మదనపల్లె నుంచి బదిలీ మీద వచ్చి, జూన్ మొదటివారంలో చార్జి తీసుకున్నాను. చేపల శాఖ అనగానే చాలామంది పడవలు, అలలు ఊహించుకుంటారు. మా వైపు సముద్రమన్నది రామసముద్రం అనే ఊరి పేరులో తప్ప మరెక్కడా లేదు. ఉన్నవల్లా వానకు నిండి ఎండకు ఇంకిపోయే చెరువులు. వాటిలో బొచ్చె, రోహు పిల్లలను వదిలించడం, సంఘాల లైసెన్సులు చూడడం, చేరకూడని చేప ఏదైనా చేరిందేమో కనిపెట్టడం నా పని.

పెద్దపంజాణి వైపు ఒక చెరువుకు మత్స్యకార సంఘం ప్రెసిడెంటు గంగులప్ప. అరవై దాటిన మనిషి. ఒకరోజు చిరిగిన వలను భుజాన వేసుకుని నేరుగా ఆఫీసుకే వచ్చాడు.

"కొత్త చేప ఒకటి వచ్చిండాది మేడం. ఒళ్లంతా ముళ్లే. వలలన్నీ చింపేస్తాండాది. కొరమీను కంటికి కనబడి ఎన్నాళ్లయిందో," అన్నాడు.

కొరమీను మేము తెచ్చి పోసే చేప కాదు, ఆ నీళ్లకే పుట్టిన చేప. దాని పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిపైకి లేస్తే తల్లీతండ్రీ అడుగున కాపలా కాస్తాయి. అప్పుడు వాటిని పట్టడం మహా తేలిక. గంగులప్ప మనుషులు మాత్రం ఆ పక్క వల వేయరు. పిల్లలు చెదిరిపోయేదాకా ఆగుతారు. సంఘంలోని ఇళ్లన్నిటికీ ఆధారం ఆ చేపే. అది పోతే వలలు చుట్టిపెట్టి బెంగళూరు కూలికి పోవలసిందే.

వెళ్లి చూశాను. వలలో పడింది సక్కర్ చేప. జనం దెయ్యం చేప అంటారు. అక్వేరియంలో గాజుకు అంటుకుని పాచి తినేది అదే. దూరదేశపు నదుల్లో దాని పుట్టిల్లు. చెరువులో పడిందంటే గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, పాచితో పాటు ఇతర చేపల గుడ్లనూ మింగుతుంది. ఇక్కడ దాన్ని తినే చేపా లేదు, తినే మనిషీ లేడు.

ఆ వెంటనే చూసిన దృశ్యానికి నాకు మతిపోయింది. గంగులప్ప మనుషులు వలలోంచి ఆ చేపను పసిబిడ్డను తీసినట్టు జాగ్రత్తగా విడదీసి, మళ్లీ నీళ్లలోకే వదిలారు!

"యాల వదిలేస్తాండారప్పా?" అని కేక వేశాను.

"తినని చేపను సంపకూడదమ్మా. మా నాయన కాలం నుంచీ అంతే," అన్నాడు గంగులప్ప.

నాకు ఒళ్లు మండింది. శాఖ నిబంధనలన్నీ ఏకరువు పెట్టాను. బుద్ధిగా విన్నాడు. తరువాతి వలలో పడినవాటినీ బుద్ధిగా వదిలేశాడు.

ఆ ఆదివారం చర్చిలో ఈ సంగతి చెప్పుకుని నవ్వుతుంటే, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన సుగుణమ్మ ముఖం పాలిపోయింది. మర్నాడు నాతోపాటు చెరువు దగ్గరికి వచ్చింది.

"నేనే వదిలినానప్పా," అంది గంగులప్పతో. "నాలుగు చేపలు. ఇంట్లో గాజుతొట్టి పట్టనంత పెద్దవైపోయినాయి. సంపడానికి చెయ్యి రాలేదు. ప్రార్థన చేసి మరీ వదిలినాను."

ఆ చేపల సంతానమే ఇంతయిందో, ఇంకెవరైనా వదిలారో నేను చెప్పలేను. ఆమె మాత్రం ఏడ్చేసింది. గంగులప్ప కేకలు వేస్తాడనుకున్నాను.

"ఏడవద్దమ్మా," అన్నాడు. "నువ్వు ఒక్కసారి వదిలినావు. నేను వలేసినప్పుడల్లా వదుల్తానే ఉండాను."

నావైపు తిరిగి, పట్టిన చేపను గట్టున పడేస్తే దానంతటదే చచ్చిపోతుంది కదా అని అడిగాడు. అంత తొందరగా చావదని చెప్పాను. అది గాలి మింగి గంటల తరబడి ప్రాణం బిగబట్టుకుంటుంది.

"అంతసేపు కొట్టుకోనీకండప్పా. అది మరీ పాపం," అంది సుగుణమ్మ.

నా నిబంధనలకు కదలని మనిషి ఆ మాటకు కదిలాడు. తడి తువ్వాలు తీసి, ఆ పూట వలలో పడిన చేప కళ్లకు కప్పాడు.

"నీ తప్పేం లేదప్పా. నీ ఊరు యాడుందో. ఈడికి తెచ్చింది మేమే," అని, తలమీద కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరుసటి వేసవిలో నీరు మడుగుకు దిగాక లాగుడు వలతో ఆ దెయ్యం చేపలను పట్టి, ఒక్కొక్క దెబ్బతో చంపి, సున్నం చల్లి గుంతలో పూడ్చాము. గట్టులో బొరియలు మూసేశాము. పూర్తిగా పోయాయని రిపోర్టు రాయలేదు. ఇప్పటికీ అడపాదడపా పడుతూనే ఉంటాయి.

పెంచుకున్న చేపను చెరువులో వదలకూడదు, వలలో పడిన పరాయి చేపను తిరిగి నీళ్లలో వేయకూడదు. ఇవి శాఖ నాకు నేర్పినవి. జాలిగల మనిషిని జాలి మానుకోమంటే వినడని, ఆ జాలితోనే పని జరిపించుకోవాలని మాత్రం ఆ గట్టుమీదే తెలిసింది.

నేను రిటైరయ్యాక గంగులప్ప ఒకసారి ఫోన్ చేశాడు.

"కొరమీను ఎర్ర పిల్లలు లేసినాయి మేడం. ఈ పొద్దు వల ఎత్తి పెట్టేసినాము," అన్నాడు.