పక్కింటి తెల్ల బండి

స్టెల్లా టీచర్‌కి కారు నడపడం రాదు. పుట్టి బుద్ధెరిగి కారు కొన్నదీ లేదు. అయినా పక్కింటి శాంతి వాళ్ళ తెల్ల ఎస్‌యూవీ గురించి ఆవిడకి తెలిసినంత దాన్ని తయారుచేసినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు. ఎడమ తలుపు మీద గీత ఎలా పడిందో (రావులపాలెంలో అరటిగెలల లారీ రాసుకుంది), ఏ టైరు ఎప్పుడు మార్చారో, చలికాలం పొద్దున్నే ఎంత హాయిగా స్టార్టవుతుందో, అన్నీ వంటింటి కిటికీలోంచే చూసి తెలుసుకుంది. అవి ముచ్చటపడి చూసిన చూపులు కావు. కళ్ళలో నిప్పులు పోసుకుని చూసిన చూపులు.

రాజోలు దగ్గర ఏటిగట్టు వార ఊరది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. స్టెల్లా ఊళ్ళో బళ్ళో టీచరు, ఆవిడ భర్త కృపారావు హైస్కూల్లో గుమాస్తా. అవతల శాంతి అమలాపురంలో నర్సు, ఆమె భర్త రాజ్ కుమార్ కరెంటాఫీసులో ఉద్యోగి. ఒకే చర్చి, వరసకి వదినా వదినా అనుకోవడం, కూర గిన్నెలు గోడ దాటడం, అన్నీ ఉన్నాయి. స్టెల్లా చెడ్డ మనిషి కాదు. పిల్లలకి చదువు బాగా చెబుతుంది, చుట్టుపక్కల ఎవరింట్లో జబ్బు చేసినా జావ కాచి పట్టుకెళుతుంది. ఆ తెల్ల బండి వీధిలోకి వచ్చిన రోజు నుంచి మాత్రం ఆవిడ కడుపులో ఓ కుంపటి పెట్టినట్టయింది, అది మరి ఆరలేదు.

పోనీ ఆ శాంతి గొప్పలు పోతుందా అంటే అదీ లేదు. ఎండలో చర్చికి నడిచి వెళుతుంటే పక్కన బండి ఆపించి, "రండి వదినా, ఎక్కండి" అంటుంది. అలా పిలవడమే స్టెల్లాకి ఒళ్ళుమంట. గొప్పలు పోయే మనిషైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. వెనక సీట్లో ముడుచుకుని కూర్చుని, దిగేటప్పుడు "థాంక్సమ్మా" అనాల్సి వచ్చేది. దేవుణ్ణి ఆవిడ కారేమీ అడగలేదు. బతుకులో ఒక్కసారి, చర్చి గుమ్మం ముందు తనను చూసి నలుగురూ కుళ్ళుకుంటే చాలని మాత్రం అడిగింది.

గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడు ఆ వీధిలోకి నడుంలోతు నీళ్ళు వచ్చాయి. హెచ్చరిక వినగానే పశువుల్నీ బళ్ళనీ గట్టు మీదకి ఎక్కించడం ఆ ఊరివాళ్ళకి అలవాటే. రాజ్ కుమార్ తన బండిని అందరికంటే ముందు గట్టు మీద పెట్టి టార్పాలిన్ కప్పాడు. కృపారావు దగ్గరుండి చక్రాల కింద రాళ్ళు వేశాడు. ఆ హడావుడిలో ఇంట్లో ఉన్న సొంత స్కూటరు సంగతి మరిచిపోయాడు! నీళ్ళు తగ్గాక స్కూటరు గొట్టంలోంచి బురద కారుతుంటే స్టెల్లా వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. గట్టు మీది బండికి మాత్రం చుక్క నీరు అంటలేదు.

ఇప్పుడు శాంతి వాళ్ళు ఇంకా పెద్ద బండి బుక్ చేశారు. పాతది అమ్ముడైతే గానీ కొత్తది ఇంటికి రాదు. ఆ సంగతి శాంతే గోడ మీదుగా చెప్పింది. "మంచిదమ్మా" అంది గానీ స్టెల్లా, ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. ఉన్నదాన్నే భరించలేక చస్తుంటే ఇంకా పెద్దదా?

ఓ ఆదివారం మధ్యాహ్నం కాట్రేనికోన నుంచి వీరవెంకటరమణ అనే రొయ్యల రైతు బండి చూడ్డానికి మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చాడు. స్టెల్లా కిటికీ దగ్గర నిలబడింది. మెకానిక్కు బానెట్ మీద చెయ్యి వేసి, ముందే వేడి చేసి పెట్టలేదని చూసుకుని అప్పుడు స్టార్ట్ చేయించాడు. పొగ చూశాడు. ఆయిల్ మూత తీసి చూశాడు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమోనని వెతికాడు. కాళ్ళ కింద కార్పెట్ ఎత్తి వాసన చూశాడు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బళ్ళకి ఉప్పునీటి తుప్పు పడుతుందని నేల మీద పడుకుని అడుగుభాగమంతా టార్చి వేశాడు. ఎంత వెతికినా ఏమీ దొరకదని స్టెల్లాకి ముందే తెలుసు. ఆవిడ బాధంతా అదే.

అయితే ఆ ప్రాంతంలో పాత బండికి ఆఖరి పరీక్ష మెకానిక్కుది కాదు. పెళ్ళి సంబంధానికి చేసినట్టే, బండికీ ఇరుగుపొరుగు దగ్గర వాకబు చేస్తారు. వీరవెంకటరమణ బయటికి వచ్చి, మెల్లిగా స్టెల్లా గేటు తీశాడు.

"ఏమనుకోకండే టీచరుగారూ. మెకానిక్కు బానే ఉందన్నాడండి. అయినా బండి ఎలా తిరిగిందో పక్కింటోళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తాదండి? ఇంట్లో చిన్నపిల్లలున్నారండి. దార్లో ఆగిపోయే బండైతే మాకొద్దండి."

"ఆయ్, మంచి బండేనండి" అన్న మాట స్టెల్లా నాలిక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల శాంతి ఎవరితోనో ఫోన్లో, కొత్తదానికి ఎరుపు రంగు తీసుకున్నామని నవ్వుతూ చెబుతోంది. స్టెల్లా ఆ మాట మింగేసింది.

"వరదొచ్చినప్పుడు ఈ వీధి వీధంతా నడుంలోతు నీళ్ళేనండి. మా స్కూటరైతే మరి పనికి రాకుండా పోయిందండి" అంది.

"అయ్యబాబోయ్! మరి ఈ బండండీ?"

"పక్కవాళ్ళ బండి సంగతి మనకేం తెలుస్తుందండీ. వాళ్ళనే అడగండి."

వీరవెంకటరమణ ఆవిడ మొహంలోకి కాసేపు చూసి తలాడించాడు. "అర్థమైందండి. మీకు మొహమాటం. పిల్లలు గలోణ్ణి, మేలు చేసేరండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి! బైబిలు మీద చెయ్యి పెట్టి మళ్ళీ అవే మాటలు చెప్పగలనని స్టెల్లా తనకి తాను సర్దిచెప్పుకుంది. ఆ సాయంత్రం కూనిరాగాలు తీసుకుంటూ బొబ్బట్లు చేసి, శాంతికి కూడా రెండు పంపించింది.

మాట మాత్రం ఆగలేదు. మునిగిన బండట అని కాట్రేనికోనలో మొదలై, అమలాపురం బ్రోకర్ల దాకా పాకింది. ఫోన్లు చేసినవాళ్ళు ఊరి పేరు వినగానే పెట్టేస్తున్నారు. కొన్నాళ్ళకి శాంతి గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మునిగిందని ఎవరు చెప్పేరో గానండి వదినా, ఎవరూ రావట్లేదండి. ఆ రోజు ఆ కాట్రేనికోన ఆయన మీ గేటు దగ్గర కూడా ఆగేరు కదా. మీరైనా చెప్పలేకపోయేరా గట్టు మీద ఉందని?"

"నేనేం అన్లేదమ్మా. మిమ్మల్నే అడగమన్నాను" అంది స్టెల్లా. అదీ అబద్ధం కాదు. శాంతి నమ్మింది. నమ్మినందుకు కూడా స్టెల్లాకి కోపం వచ్చింది.

ఆ రాత్రి భోజనం దగ్గర కృపారావు ఓ కబురు చెప్పాడు.

"ఎవరో ఓర్వలేనోళ్ళు పుట్టించిన మాట స్టెల్లా అది. బండి గట్టు మీద పెట్టిందే మేం కదా, నాకు తెలీదా? అంత మంచి బండి మళ్ళీ దొరకదు. శాంతి వాళ్ళు మనకి బాగా తగ్గించి ఇస్తామంటున్నారు. వాళ్ళకీ సాయం చేసినట్టుంటది. తీసుకుందామా?"

ఓర్వలేనోళ్ళు అన్న మాట ముద్దలో రాయిలా తగిలింది. వద్దనాలంటే కారణం చెప్పాలి. పైగా, నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళు కళ్ళతో తిన్న బండి అది. దాని ముందు సీటు, దాని చల్లటి గాలి, చర్చి గుమ్మం ముందు దిగడం, నలుగురూ తిరిగి చూడడం. "మీ ఇష్టం" అంది గానీ, ఆవిడకి పట్టలేనంత ఆనందం వేసింది.

కొత్తగా కొన్న బండిని చర్చి ముందు నిలిపి ప్రార్థన చేయించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ ఆదివారం శాంతి వాళ్ళ ఎర్ర బండీ, స్టెల్లా వాళ్ళ తెల్ల బండీ పక్కపక్కనే నిలబడ్డాయి. స్టెల్లా పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, తలుపు తానే తీసుకుని నెమ్మదిగా దిగింది. నలుగురూ నిజంగానే తిరిగి చూశారు. చర్చిలో పెద్దావిడ సుందరమ్మగారు దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని, "ఏమ్మా, మునిగిన బండంట కదా. ఏమైనా ఇబ్బందుల్లో ఉన్నారా తల్లీ? మాకొక్క మాట చెప్పకపోయేరా?" అంది.

"మునగలేదండీ! గట్టు మీద ఉంది."

"కొనేశాక అలాగే అనుకోవాల్లేమ్మా" అని సుందరమ్మగారు ఆవిడ వీపు నిమిరింది. వెనకున్న ఆడవాళ్ళు పాపం అనుకున్నారు. ఒక్క కంట్లోనైనా కుళ్ళు కనిపిస్తుందేమోనని స్టెల్లా అందరి మొహాలూ వెతికింది. ఎక్కడా లేదు.

ఎర్ర బండికి పాస్టరు ఎబినేజరుగారి ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయింది. తెల్ల బండి దగ్గరికి వచ్చేసరికి ఆయన బానెట్ మీద రెండు చేతులూ పెట్టి, గొంతు పెంచారు.

"వరద జలములలో నుండి ఈ వాహనమును పైకి తీసిన తండ్రీ! మునిగిపోయిన దానిని సైతం వాడుకొనగల దేవుడవు నీవే. దీని ఇంజనును, దీని వైర్లను, దీని బ్రేకులను నీ చేతులకు అప్పగిస్తున్నాము. ఉన్నదానితో తృప్తిపడిన ఈ దీన కుటుంబమును కనికరించుము ప్రభువా."

స్టెల్లా కళ్ళు తెరిచింది. పక్కనే శాంతి, కళ్ళు మూసుకుని, తన చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. మునగలేదని ఇప్పుడు అందరి ముందూ అరిస్తే, మరి మునిగిందని చెప్పిందెవరన్న ప్రశ్న ఆ వెనకే వస్తుంది. జవాబు తెలిసింది ఆ గుంపులో తనొక్కర్తికే.

అందరూ జాలిగా, మామూలు కంటే గట్టిగా ఆమేన్ అన్నారు. స్టెల్లా కూడా అంది.