కొలతలమ్మ సరిచేసిన హద్దు

భూముల కొలతల ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన ఆవిణ్ణి ఊరంతా కొలతలమ్మ అనే పిలిచేది. ఆవిడ చూపించిన హద్దుకు తిరుగులేదని పేరు. గిన్నె మూత కొన్నా టేపు పెట్టి చూసుకుంటుందని భర్త వేళాకోళం చేసేవాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. గుండె ఆపరేషన్ అయ్యాక రోజూ గంటసేపు నడవమన్నాడు డాక్టరు. నడుద్దామంటే ఊళ్లో ఉన్నది లారీలు తిరిగే రోడ్డొక్కటే. ఒకనాడు వెనకనుంచి హారన్ మోగేసరికి అదిరిపడి రోడ్డు పక్కనే కూలబడ్డాడు.

"అంత బస్సును నడిపానుగానీ, నన్ను నేను నడుపుకోవడం చేతకావట్లేదే," అన్నాడు ఇంటికొచ్చి, నవ్వబోయి.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోవడం ఆవిడ చూసింది. మర్నాడే ఊరి వెనకున్న అడవి నక్షా ముందేసుకుని కూర్చుంది. వాగు దాకా మూడు కిలోమీటర్ల నడకదారి వెయ్యొచ్చు. అటూ ఇటూ ప్రభుత్వ అడవి, నడుమ అరకిలోమీటరు మాత్రం కలప వ్యాపారం చేసిన పెద్దాయనది.

అటవీశాఖ చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే నాలుగు నెలలకు అనుమతి వచ్చింది. ఆదివారాలు తాపీమేస్త్రి, టైలరు, ఆసుపత్రి నర్సులు పలుగూ పారా పట్టుకుని వచ్చేవారు. ఆవిడ ఎర్రజెండాలు పాతుతూ ముందు నడిస్తే భర్త వెనకాల నడిచేవాడు. కబుర్లు చెబుతూ ఎక్కగలిగితే ఆ వాలు సరైనదే. ఆయాసంతో మాట ఆగిందా, జెండా పీకి దారిని పక్కకు తిప్పేసేది.

తూర్పు భాగం పూర్తయ్యాక పెద్దాయన ఇంటికి వెళ్లింది. ఆయన కూర్చోమని కూడా అనలేదు.

"ఇరవై ఏళ్ల కింద నువ్వు కొలత గొలుసు పట్టుకునొచ్చి, నా భూమిలో తూర్పు చెక్క ప్రభుత్వానిదన్నావు. అవి మా ఆవిడ నాటిన చెట్లమ్మా. పోయేదాకా వాటిని కంచె ఇవతల నిలబడే చూసింది. ఇప్పుడు మిగిలినదాంట్లో దారి కూడా కావాలా?"

"కొలతలో ఏం తేలిందో అదే చెప్పాను పెద్దాయనా," అని వెనుదిరిగి వచ్చేసింది.

తర్వాతి ఆదివారం, వేసిన దారి పక్కన కూర్చునే బల్ల కోసం గుంట తవ్వుతుంటే మేస్త్రి పలుగు ఖంగుమంది. మట్టి తోడితే పాత హద్దురాయి బయటపడింది. దాని మీది అంకె గోటితో గీకి చదివేసరికి ఆవిడకు సంగతి అర్థమైంది. ఆనాడు తాను కొలత మొదలుపెట్టింది ఎవరో తర్వాత పాతిన వేరే రాయి నుంచి! మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ తూర్పు చెక్క పెద్దాయనదే అని తేలింది.

మిగతావాళ్లంతా దూరంగా పనిలో ఉన్నారు. మేస్త్రి గొంతు తగ్గించాడు. "అక్కా, మట్టి కప్పేస్తే సరి. మనిద్దరం తప్ప చూసినవాళ్లెవరూ లేరు. ఇది చెప్పామంటే, వేసిన దారి కూడా పోతుంది."

ఆవిడ టేపు చుట్టేసింది. ఇంటికెళ్లి, తప్పు తనదేనని ఆఫీసుకు ఉత్తరం రాసి భర్త చేతిలో పెట్టింది. ఆయన చదివి చెప్పులేసుకున్నాడు. "పద, పెద్దాయనకి మొహం మీదే చెబుదువుగాని. నేనూ వస్తా."

దారిలో రెండుచోట్ల ఊపిరి కోసం ఆగుతూనే వచ్చాడు.

పెద్దాయన ఆ ఉత్తరం నకలు రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"మా ఆవిడ ఉండగా తెలిసుంటే బాగుండేది."

"అవును," అంది కొలతలమ్మ.

"వేసిన దారి పీకెయ్యమంటే?"

"పీకేస్తాం. మట్టి సర్ది విత్తనాలు చల్లించే పూచీ నాది."

ఆయన డ్రైవరు వైపు కుర్చీ జరిపి, "ముందు కూర్చోవయ్యా, చెమటలు పడుతున్నాయి," అని మాత్రం అన్నాడు.

మూడు వారాలు పని ఆగిపోయింది. కొలతలమ్మ కూడా తప్పుతుందట అని బజార్లో నవ్వుకున్నారు. "తప్పాను, అందుకే ఇప్పుడు రెండేసిసార్లు కొలుస్తున్నా," అనేది ఎదురుగానే.

నాలుగో ఆదివారం అందరూ చేరి హద్దు మళ్లీ కొలుస్తుంటే పెద్దాయన చేత్తో కొడవలి పట్టుకుని అడవిలోకొచ్చాడు. తిన్నగా వెళ్లి రెండు జెండాలు పీకి అవతల పాతాడు.

"దారి ఇటు కాదు. ఆ చెట్ల కిందనుంచి తిప్పు. అక్కణ్ణించి నా అడవిలోంచే వాగుకు పోనీ. మా ఆవిడ నాటినవి పదిమందీ చూడాలి."

కొలతలమ్మకు కళ్లు చెమ్మగిల్లాయి. వాలు చూడమని భర్తను పంపింది. ఆయన బ్రేకులు ఫెయిలైన బస్సు కథ ఎత్తుకుని, పైదాకా ఎక్కినా ఆపలేదు.

"వాలు బాగుందని తెలిసింది, ఇక ఆపవయ్యా స్వామీ!" అన్నాడు పెద్దాయన. అందరూ గొల్లుమన్నారు.

ఆ దారిలో డ్రైవరు ఏడేళ్లు నడిచాడు. చివరి ఏడాది మొదటి బల్ల దాకానే రాగలిగేవాడు. అప్పుడు పెద్దాయనే చేతికర్రతో కిందికి దిగొచ్చి, పక్కన కూర్చుని, పైన ఏ చెట్టు చిగురేసిందో, ఏ కొమ్మ మీద పిట్ట గూడు కట్టిందో వివరంగా చెప్పేవాడు. కొలతలమ్మ వాళ్లిద్దరినీ అలా వదిలేసి, దారి మీద రాలిన పుల్లలు ఏరుకుంటూ ముందుకు వెళ్లేది.